పాఠానికి పనికొచ్చే కన్ను

“ఒకసారి ఇలా వచ్చి కూర్చో,” అన్నారు మా ఆయన, నేను పులుసులో పోపు వేస్తుండగా. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని వెళ్ళాను. మండపేటలో ఆయన కంటి డాక్టరు, ఇంటి ముందుగదే ఆసుపత్రి. పని నేర్చుకోవడానికి కొత్తగా ఎవరొచ్చినా ముందు నా కన్నే చూపిస్తారు. కంటి లోపలి సిర కొట్టుకోవడం నా ఎడమ కంట్లో కనిపించినంత చక్కగా ఇంకెవరికీ కనిపించదట. “తలలో ఒత్తిడి మామూలుగా ఉందనడానికి అదో గుర్తు,” అంటూ పాఠం మొదలుపెడతారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎంతమంది చూశారో నాకే తెలియదు. కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు రెండు కళ్ళకీ వేశాక సాయంత్రం దాకా ఆవగింజకీ పురుగుకీ తేడా తెలియదు. ఆ చూపుతోనే వంట చెయ్యాలి, పేషెంట్ల చీటీలు రాయాలి. ఒకసారి పప్పులో రాయి తగిలితే మా అత్తగారు రత్నమాణిక్యంగారు, “కళ్ళెక్కడ పెట్టుకుని వండావమ్మా?” అన్నారు. మీ అబ్బాయి పాఠంలో పెట్టానండి అందామనుకుని మింగేశాను.

నెలన్నరగా తలనొప్పి. వంగితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. చెప్పాను. “పిండి రుబ్బమంటే చాలు, నీకు తలనొప్పి,” అన్నారు అత్తగారు. “నిద్ర చాలక,” అన్నారు ఈయన, పేపర్లోంచి తలెత్తకుండా. అదే పరాయి మనిషి వచ్చి చెబితే కుర్చీ చూపించి, ఎన్నాళ్ళ నుంచమ్మా అని అడుగుతారు. ఒళ్ళు మండిపోయేది.

ఇవాళ వచ్చిన అమ్మాయి డాక్టర్ లోవలక్ష్మి. చుక్కలు పనిచేశాక, కంటి లోపలికి చూసే లైటు పట్టుకుని చాలాసేపు చూసింది. “సిర కొట్టుకోవట్లేదండి, సార్.”

“కొట్టుకోకపోవడమేంటి? నీకింకా చూడ్డం రాలేదు.”

ఆ అమ్మాయి మళ్ళీ చూసింది. “లేదండి. కంటి నరం అంచు కూడా ఉబ్బినట్టుంది. ఇన్నాళ్ళూ కొట్టుకునేదంటున్నారు కదండీ, తలలో ఒత్తిడి పెరిగిందేమో, రాజమండ్రిలో తలకి స్కాన్ తీయించాలి. అమ్మా, మీకు తలనొప్పి ఏమైనా ఉంటోందా?”

పదకొండేళ్ళలో ఆ కుర్చీలో నన్నడిగిన మొదటి ప్రశ్న. తలూపాను.

ఈయన లైటు లాక్కుని తనూ చూశారు. నెమ్మదిగా, “పోయిన నెల చూసినప్పుడూ కనిపించలేదు. లైటులో బ్యాటరీలు అయిపోయాయనుకున్నాను,” అన్నారు.

నాకు గుర్తుంది. ఆ బ్యాటరీలు నాచేతే తెప్పించారు. తల పగిలిపోతుంటే మిట్టమధ్యాహ్నం బజారుకి నడిచి వెళ్ళి తెచ్చాను.

బల్ల దగ్గరికెళ్ళి కొత్త చీటీ తీశాను. ఊరందరి పేర్లూ రాసిన చేత్తో నా పేరు రాసుకున్నాను. సూర్యకళ, ముప్పై రెండేళ్ళు, నెలన్నరగా తలనొప్పి. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. దాన్ని లోవలక్ష్మి ముందు పెట్టి, “చూసింది చూసినట్టు రాయండమ్మా. పదకొండింటి బస్సుకి రాజమండ్రి వెళ్తాను,” అన్నాను.

“ఇంట్లో మనిషికి చీటీ ఏంటి? నేను చూస్తానుగా,” అన్నారాయన.

“మీరు చూశారు కదండీ,” అన్నాను, “పోయిన నెల.”