ఉప్పునీళ్ళలో నురగ

ఏమోయ్, మూల నక్కి కూర్చున్న పెద్దమనిషీ! సబ్బు పెడితే మురికి ఎట్లా పోతుందో చెప్పు చూద్దాం. తెలీదా? మరి రోజూ వీపు రుద్దుకుని ఏం లాభం! సబ్బు ఒక చేత్తో జిడ్డుని పట్టుకుంటుంది, ఇంకో చేత్తో నీళ్ళని. నీళ్ళు పోతూ పోతూ జిడ్డుని కూడా లాక్కుపోతాయి. అంతేనయ్యా. ఇంత చిన్న సబ్బుతోనే మన కౌటు ఇరుక్కున్నాడు, విను.

అబయాంగ్ దీవిలో వాడి మేనత్త ఆకోయా కొబ్బరినూనెతో సబ్బు వండేది. వాడి వదిన టెరేసియాకి అది ఆనేది కాదు. "వాసనా లేదు, సోకూ లేదు. కొట్లో గులాబీ కాగితం సబ్బు పట్టుకుంటే చాలు, ఆదివారం వచ్చినట్టుంటుంది" అనేది.

కౌటు చేతులు ఊరుకుంటాయా! వదిన తెచ్చుకున్న సబ్బు కాగితం మెల్లగా విప్పి, లోపల అత్త సబ్బు చెక్కి పెట్టి, మళ్ళీ అంటించాడు.

ఆ వారమే వాననీళ్ళ తొట్లు ఎండిపోయాయి. ఊరంతా ఉప్పుబావి మీద పడింది. ఆ నీళ్ళలో కొట్టు సబ్బులన్నీ విరిగి తెట్టు కట్టాయి. వదిన ఉతికే బట్టల మీద మాత్రం మబ్బులా నురగ!

"చూశారా! గులాబీ కాగితమంటే మాటలా?" అని ఊరి చావిట్లో అందరి ముందూ చాటింపేసింది.

కౌటు పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాడు చూస్తే అత్త వాకిట్లో సబ్బు కాగు బోర్లించి ఉంది. నవ్వు కాస్తా చచ్చిపోయింది.

"ఏంటత్తా, వండట్లేదా?"

"ఎవరి కోసంరా నాయనా? అందరికీ గులాబీ కాగితమే కావాలంట. ఇక చాల్లే."

ఇప్పుడేం చెయ్యాలి కౌటు? చెబితే వదిన నవ్వులపాలు. చెప్పకపోతే అత్త పనే పోయె. నోటికి బదులు చేతులకి పని చెప్పాడు. రోజూ పొద్దున్నే కొబ్బరికాయలు ఒలిచి అత్త గుమ్మంలో పోసేవాడు, కట్టెలు మోసేవాడు. "ఎందుకురా ఇవన్నీ?" అంటే, "ఊరికే అత్తా" అని తల దించుకుని పోయేవాడు. ఆ కాగుని చూసినప్పుడల్లా తన మొహాన్నే బోర్లించినట్టుండేది.

చివరికి తట్టుకోలేక అత్త ముందు కూలబడ్డాడు. వదిన అక్కడే చాప అల్లుతోంది. అయినా ఆగలేదు.

"అత్తా, ఆ నురగ నీ సబ్బుదే. మార్చింది నేనే. వదినా, నన్ను తిట్టు, కొట్టు. అత్తని మాత్రం మళ్ళీ పొయ్యి వెలిగించమను."

వదిన ఫక్కున నవ్వింది. "ఒక్క బట్టయినా ఉతికిన మొహమా మరిదీ నీది? ఉప్పునీళ్ళలో అంత నురగ కొబ్బరి సబ్బుకి కాక దేనికొస్తుంది? రుద్దగానే తెలిసిపోయింది, ఇది నీ చేతివాటమేనని. ఆ చాటింపు నీ కోసమే. చావిట్లో ఆడాళ్ళందరికీ తెలుసు!"

"మరి ఈ కాగు?"

ఇంటి వెనక నుంచి కమ్మటి కొబ్బరి వాసన వచ్చింది.

"అది చిల్లు కాగురా" అంది అత్త, నవ్వీ నవ్వీ నీళ్ళు తిరిగిన కళ్ళు తుడుచుకుంటూ. "మంచిది వెనక ఉడుకుతోంది. కాయలూ కట్టెలూ ఇంటికే వచ్చి పడుతుంటే వంట మానేస్తామా? రేపు కాస్త పెందలాడే రా!"