ఇస్త్రీ గది మెట్లు

ఏ ఊరు వెళ్ళినా పొద్దున్నే లెన్సులు తుడిచేది ఆమే. ఆయన స్నానం చేసి వచ్చేలోగా మూడు లెన్సులు, రెండు కెమెరాలు సంచుల్లో సర్ది, మూడుకాళ్ళ స్టాండు కట్టి ఉంచాలి. స్టూడియో పెట్టి ఇరవై ఏళ్ళు. పెళ్ళికూతురి ముఖం మీద వెలుతురు ఎటునుంచి పడాలో చెప్పేది ఆమె, కంప్యూటర్ ముందు నడుము పట్టేసేదాకా కూర్చుని ఫొటోల్లో మచ్చలు చెరిపేది ఆమె. బోర్డు మీద పేరు ఆయనది. ఎవరైనా అడిగితే, మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుందిలెండి అంటాడు. ఆ 'కాస్త' ఆమెకు అన్నంలో రాయిలా తగులుతుంది.

ఫొటోగ్రాఫర్ల సంఘం వారం రోజులు పరాయి దేశం వెళుతోంది, అక్కడి మామూలు మనుషుల బతుకును ఫొటోలు తీయడానికి. సంచులు మోయడానికి ఒక మనిషి ఉండాలిగా, నువ్వూ రా అన్నాడాయన. అత్తగారేమో, అదృష్టవంతురాలివే, మొగుడు విమానం ఎక్కిస్తున్నాడు అని దీవించింది.

అక్కడ ఆయన పెద్ద కూడళ్ళు, ఎత్తైన గోపురాలు, దూరాన బరువులు మోసే మనుషులను తీశాడు. ఆయన వాడేసి, పక్కన పడేసిన పాత కెమెరా మెడలో వేసుకుని, ఆమె మాత్రం వీలు చిక్కినప్పుడల్లా హోటలు వెనక్కి వెళ్ళింది. అక్కడ ఇస్త్రీ గది ఉంది. ఆవిరిలో ఆరుగురు ఆడవాళ్ళు. ఉన్న ఒక్క కుర్చీ వాళ్ళ మీద అజమాయిషీ చేసే మనిషిది. వాళ్ళు మెట్ల మీద కూర్చుని తింటారు. ఆమె వెంటనే కెమెరా ఎత్తలేదు. ఒక దుప్పటి కొస పట్టుకుని మడత పెట్టించింది. భాష రాకపోతేనేం, దుప్పటి మడతకు భాషెందుకు? రెండో రోజు, మోచేతుల దాకా కాలిన మచ్చలున్న పొడుగావిడ తనే గడ్డం ఎత్తి నిలబడి, తియ్యి అన్నట్టు సైగ చేసింది. ఆమె తీసింది. తర్వాత పొడుగావిడ, ఏదీ నాకూ ఇవ్వు అన్నట్టు చెయ్యి చాపింది. ఆమె ఆవిడ వేలు బటన్ మీద పెట్టించి నేర్పింది. మర్నాడు కెమెరాను ఆవిడ దగ్గరే వదిలి, సంచులు తేవడానికి పైకి పరిగెత్తింది; ఆ రోజు బస్సు హోటలు వెనకే ఆగింది.

సాయంత్రం కెమెరా తిరిగి తీసుకుని చూస్తే అందులో ఒక ఫొటో ఉంది. అవే వెనక మెట్లు. ఆయన జేబుల్లో చేతులు పెట్టుకుని, స్నేహితుడితో నవ్వుతూ దిగుతున్నాడు. రెండు మెట్ల వెనక, రెండు భుజాలకూ సంచులు, చంకలో స్టాండుతో ఆమె.

ఈ దేశంలో ఎవరు ఏం మోస్తున్నారో తను వెతుకుతుంటే, ఆ మోసేవాళ్ళు తననే చూశారు. మొదట సిగ్గేసింది. మళ్ళీ చూసింది. ఫొటోలో ఉన్న మనిషి అలసిపోయి లేదు. బరువుకు వంగిన మెడ మీద ముఖం మాత్రం పైకెత్తి, గోడ మీది వెలుతురు అంచనా కడుతోంది. అచ్చం ఫొటోగ్రాఫర్ ముఖం.

ఆరో రోజు మధ్యాహ్నం అందరూ కూర్చుని ఫొటోలు చూసుకున్నారు. చివర్లో ఆయన, మా ఆవిడ కూడా సరదాగా ఏవో తీసింది అన్నాడు. ఇస్త్రీ గది ఫొటోలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తుంటే అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆఖరున మెట్లు.

"అది తీసెయ్, పరువు పోతుంది," అన్నాడాయన నెమ్మదిగా.

"ఉన్నదే కదండీ."

ఎవరు తీశారమ్మా ఇది అని సంఘం పెద్దావిడ అడిగింది.

ఆమె లేచి నిలబడింది. "ఇది ఇస్త్రీ గదిలో పనిచేసే ఆవిడ తీసింది. ఆ మోస్తున్నది నేను. మిగతావన్నీ నేను తీసినవి. మా స్టూడియోలో గోడ మీదున్నవి కూడా సగానికి పైగా నావే."

ఆయన తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు. పెద్దావిడ, ఫొటోల కింద వేయడానికి ఆ రెండు పేర్లూ రాసివ్వమ్మా అని కాగితం ముందుకు జరిపింది. ఆమె పొడుగావిడ పేరు కనుక్కుని వచ్చి మరీ, ముందు ఆ పేరు రాసి, కింద తనది రాసింది.

మర్నాడు పొద్దున అందరూ కొండ చూడటానికి బయల్దేరారు. ఆయన గుమ్మంలో నిలబడి రమ్మన్నాడు. ఇస్త్రీ గది కిటికీలోంచి ఏడింటికి ఏటవాలుగా ఎండ పడుతుంది, ఆవిరి మీద.

"నాకు పనుంది," అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్ని వందలసార్లు అని ఉంటుందో. ఈసారి ఆ పని ఆమెది.