గుండీలు పెట్టుకోగలరా?

మా ఆయన చొక్కాకి మూడో గుండీ పెడుతుండగా గమనించాను, ఆయన చేతులు వణకడం లేదు. రెండూ పక్కన తీరిగ్గా వేలాడుతున్నాయి. తొమ్మిదేళ్ల పార్కిన్సన్స్ జబ్బు. ఏడాదిన్నర కిందట, మూలకణాల నుంచి పెంచిన కొత్త కణాల్ని ఆయన మెదడులో పెట్టారు. ఇదింకా పరిశోధనే, అందరికీ ఒకేలా పనిచెయ్యదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈయనకి పనిచేస్తోంది. నిన్న చదరంగం బల్ల మీద బంట్లన్నీ తనే పేర్చుకున్నారు. నేను వంటింట్లోకెళ్లి ఏడ్చాను, సంతోషంతోనే. అందులో ఆయన కోసం ఎంతో నా కోసం ఎంతో చెప్పలేను.

"కానీయ్, ఆస్పత్రికి ఆలస్యమవుతోంది" అన్నారు. నాలుగోది కూడా పెట్టాను.

నిజానికి జబ్బు తెచ్చిపెట్టింది ఒక్క గుండీలనే. మిగతాదంతా అంతకుముందు నుంచీ ఉంది. పెళ్లయిన వారానికే అత్తగారు, "వాడికి తువ్వాలు చేతికందించాలమ్మా, లేకపోతే తడి ఒంటితో అలాగే నిలబడతాడు" అంది. ముప్ఫై ఏళ్లు అందించాను, ఎవరూ ఏమీ అనలేదు. జబ్బొచ్చాక మాత్రం చుట్టాలందరికీ మహాతల్లినైపోయాను. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని మానేశాను. నాకు చాలా ఇష్టమైన పని అది. "మీ ఆయన లేచి తిరిగిన రోజు వచ్చెయ్, నీ స్టూలు నీదే" అంది ఓనరమ్మ. ఆయన లేచి తిరుగుతున్నారు. మొన్న ఆ మాటెత్తితే, "ఇప్పుడెందుకు? నన్నెవరు చూస్తారు?" అన్నారు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. జబ్బుకైతే మందు ఉంది. దీనికేముందో నాకు తెలీలేదు.

ఆస్పత్రిలో నర్సు, ఆయన ఏయే పనులు తనే చేసుకోగలరో రాసుకునే కాగితం తీసింది. "అన్నీ నేనే చేసుకుంటున్నా సిస్టర్" అన్నారాయన, మొహం వెలిగిపోతూ. ఆమె నావైపు తిరిగింది. "అమ్మా, మీరు చెప్పండి. గుండీలు తనే పెట్టుకోగలరా?"

పెట్టుకోలేరంటే వైద్యం పనిచెయ్యలేదని రాసుకుంటారు. అవునంటే పొద్దున నేను చేసిందేమిటి? చెయ్యి చాచి ఆయన కాలరు సరిచేశాను. ఆమె తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. "తిన్న కంచం కడుక్కోగలరా?"

నవ్వొచ్చేసింది. "జబ్బుకి ముందు కూడా కడగలేదమ్మా. ఈ కణాలతో కుదురుతుందంటారా?"

"మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ" అన్నారాయన.

"అయితే ఏం రాయమంటారు?" అంది నర్సు.

"అన్నీ చేసుకోగలరని రాయండి. గుండీలతో సహా."

"మరి మీ సాయం?"

"ఇవాళ్టి దాకా రాయండి. సోమవారం నుంచి నేను పనిలో చేరుతున్నాను."

ఆయన నవ్వు సగంలో ఆగింది. డాక్టరమ్మ ఆయన్ని లోపలికి పిలిచి పరీక్ష చేసింది. ఆయన బయటికొచ్చి, గుండీలు విప్పిన చొక్కాతో, బెంచీ మీద కూర్చున్న నా ముందు అలవాటుగా నిలబడ్డారు. చేతులు పక్కన వేలాడుతున్నాయి, కదలకుండా. ఒళ్లో పెట్టుకున్న నా చేతులే గుండీల వైపు కదలబోయాయి. అయినా నేను లేవలేదు.