కాళ్ళపీట మీది పాదం

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని మా ఆయన అంటూ ఉంటారు. అననీ. కొట్టు ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళందరితో నవ్వుతూ మాట్లాడే మనిషికి లోకమంతా మంచిదిగానే కనిపిస్తుంది. నేను లోపలిగదిలో పనిచేసేదాన్ని. బూటు పైకి ఎంత నిగనిగలాడినా, లోపల కుట్టు ఎక్కడ తేలిందో వేలుపెట్టి తడిమి చూసేదాకా నాకు నమ్మకం కుదరదు.

మాది బూట్లూ చెప్పులూ చేసే ఇల్లు. పెట్టెల్లో సైజులవారీగా దొరికేవి కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, వేళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కినవాళ్ళు, ఆపరేషన్ అయ్యాక పాదం ఆకారం మారిపోయినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. మామగారు వాళ్ళని కాగితం మీద నిలబెట్టి, తను మోకాళ్ళ మీద కూర్చుని, పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీస్తారు. ఆ కొలత ఆయన తప్ప ఇంకెవరూ తీయడానికి వీల్లేదు. కొడుకులిద్దరికీ కూడా ఆ అదృష్టం లేదు. ఆ గీత నా బల్ల మీదికి వస్తే, ఏ తోలుముక్క ఎంత ఉండాలో, ఎక్కడ మడవాలో, ఎక్కడ కుట్టాలో నేను నమూనాలు గీసి ఇస్తాను. మా మరిది వాటి ప్రకారం కత్తిరించి కుట్టిస్తాడు.

ఆ బల్ల నాది. నాది అని ఎవరూ రాసివ్వలేదు గానీ, పెళ్ళై వచ్చిన కొత్తలో కూర్చున్న చోటు నుంచి నేను లేవలేదు. మరిదికి పెళ్ళయ్యేదాకా ఆ సంగతి ఎవరికీ గుర్తుకూడా రాలేదు. మా తోడికోడలు ఈ విద్యే కాలేజీలో చదివి వచ్చింది. నేను మధ్యాహ్నందాకా గీసేది కంప్యూటర్లో టీ చల్లారేలోపు గీస్తుంది. వచ్చిన కొన్నాళ్ళకే ఒకరోజు అన్నం తింటూ మామగారు, బల్ల దగ్గర ఒక్క చెయ్యే ఉండాలి, ఇద్దరి గీతలు కలిస్తే బూటు కాలికి పట్టదు, ఎవరు కూర్చోవాలో ఈ వానలు తగ్గాక చెప్తాను అన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఆ బల్ల పోతే ఆ ఇంట్లో నేను వంటా వార్పూ చూసుకునే మనిషిని తప్ప మరేమీ కాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయన కాళ్ళపీట కొని తెచ్చారు.

ఆ బల్ల మామగారి ఎత్తుకి చేయించింది. ఆయన తాడిచెట్టంత మనిషి, నిలబడి గీసేవారు. నేను పొట్టిదాన్ని. బల్ల అందాలంటే కుర్చీ బాగా పైకి లేపుకోవాలి, లేపితే కాళ్ళు గాల్లో వేలాడతాయి. సాయంత్రానికి పిక్కలు లాగేసేవి. ఈ పీటకి అటూ ఇటూ రెండు మరలున్నాయి. వాటిని తిప్పి పైకీ కిందకీ జరుపుకోవచ్చు. పైన నల్లటి రబ్బరు పలక, ఎటు కావాలంటే అటు వంగుతుంది. పాదాలు ఆనించగానే నడుములో ఎక్కడో పట్టుకున్న ముడి ఒకటి వదిలినట్టయింది.

అయినా నాకు అనుమానమే. ఊరక రారు మహానుభావులు. ఇన్నేళ్ళలో అడగందే ఒక పువ్వు కూడా తెచ్చివ్వని మనిషి, అడక్కుండానే కాళ్ళపీట ఎందుకు తెచ్చినట్టు? బల్ల లాగేసుకునే ముందు నోరు మూయించడానికి తండ్రీ కొడుకూ కలిసి ఆడుతున్న నాటకం కాదు కదా? ఆ మాటే మొహమ్మీద అడిగాను. నీ కాళ్ళనొప్పులు విని విని నాకు చెవినొప్పి వచ్చింది, అందుకు తెచ్చానన్నారు. నమ్మాలనిపించింది గానీ నమ్మలేదు.

మామగారు మాత్రం గుమ్మంలో నిలబడి దాన్ని ఎగాదిగా చూశారు. తరవాత అందరూ వినేట్టు అన్నారు, "నేను బతుకంతా మోకాళ్ళ మీదే గడిపాను. నా కాళ్ళు ఎప్పుడూ పీట అడగలేదు."

నేను తల వంచుకుని నా పని చేసుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తరవాత ఒక ఉదయం వచ్చి కూర్చుంటే మోకాళ్ళు బల్లకి కొట్టుకున్నాయి. పీట బాగా పైకి జరిపి ఉంది. పలక కూడా నేను వంచుకున్న వైపు కాకుండా అవతలికి వంగి ఉంది. సర్దుకున్నాను. మర్నాడూ అంతే. సాయంత్రం పిల్లల కోసం నేను మేడ మీదికి వెళ్ళిపోయాక ఎవరో నా కుర్చీలో కూర్చుంటున్నారు.

ఎవరో ఏమిటి, తెలుస్తూనే ఉంది. బల్ల మీద కన్నున్నది ఒక్కరికే. కాకపోతే ఒక చిక్కు. మా తోడికోడలు పొడగరి. దాని కాళ్ళకి పీట కిందికి దించాలి గానీ పైకి లేపక్కర్లేదు. రాత్రంతా ఆలోచించి దానికీ సమాధానం కనిపెట్టాను. తన మీదికి అనుమానం రాకుండా కావాలనే పైకి లేపి పోతోంది. చదువుకున్న పిల్ల కదా మరి.

అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు, నా కుర్చీలో ఎవరో కూర్చుంటున్నారు అని గాల్లోకి అన్నాను. "నేను కాదక్కా," అంది అది వెంటనే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. మామగారు ఆ మాటే విననట్టు మజ్జిగ పోయమన్నారు.

బూటు లోపల ఎక్కడ ఒరుసుకుంటోందో చూడ్డానికి మేము సుద్దపొడి వాడతాం. ఆ సాయంత్రం వెళ్ళేముందు రబ్బరు పలక మీద ఆ పొడి కుంచెతో పల్చగా అద్దాను. తోలుకి ఇసుక అంటుకుని గీతలు పడతాయని లోపలిగదిలోకి అందరం చెప్పులు విడిచే వస్తాం కాబట్టి, ఎవరు కూర్చున్నా వట్టికాలి గుర్తు పడి తీరాలి.

పడింది. రెండు పాదాలు, ఎవరో అచ్చేసి ఇచ్చినట్టు. వంగి చూసి నిర్ఘాంతపోయాను. అది తోడికోడలి పాదం కాదు. వెడల్పాటి పాదం. మధ్యలో ఉండాల్సిన వంపు పూర్తిగా కూలిపోయి, మడమ నుంచి వేళ్ళదాకా ఎక్కడా ఖాళీ లేదు. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగింది. ఎడమది కుడిదానికన్నా లావు.

మా ఇంట్లో అందరి పాదాల గీతలూ బీరువాలో ఉంటాయి. తీసి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూశాను. మా ఆయనవి కావు. మరిదివి కావు. తోడికోడలివి అసలే కావు, దానివి సన్నటి పాదాలు. మామగారి గీత కూడా తీశాను, అనుమానంతో కాదు, వరస తప్పకూడదని. ఆయనకి పని నేర్పిన గురువు గీసిన గీత అది. పొడవాటి పాదం, వంతెనలా లేచిన వంపు, వేళ్ళు దేనికది విడివిడిగా. పాదమంటే ఇలా ఉండాలని నాకు మొదట్లో ఆయనే ఆ కాగితం చూపించారు. దాన్ని మడిచి లోపల పెట్టేశాను.

అంటే బయటివాళ్ళు. మా నమూనాల కోసం పక్కవీధి కొట్టువాళ్ళు ఎంతకైనా తెగిస్తారని నాకు ఎప్పటినుంచో నమ్మకం. మా ఆయనకి చెప్తే, దొంగ వచ్చి నీ కాళ్ళపీట మీద కాళ్ళు చాపుకుని పోతున్నాడా అని నవ్వారు. నేను నవ్వలేదు. బజారుకి వెళ్ళి తాళం కొని తెచ్చి, ఆ సాయంత్రం నుంచి లోపలిగదికి వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

తాళం వేశాక పీట పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కానీ ఇంట్లో గాలి మారింది. మామగారు అయినదానికీ కానిదానికీ విసుక్కుంటున్నారు. కొలతలకి వచ్చినవాళ్ళని వచ్చేవారం రమ్మని పంపేస్తున్నారు. వానలు తగ్గుముఖం పట్టాయి కదా, బల్ల సంగతి చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నారనుకున్నాను. పెరట్లో ఆయనా తోడికోడలూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ రెండుసార్లు నా కంటపడ్డారు. నన్ను చూడగానే అది చేతిలోదేదో కొంగుచాటు చేసుకుంది. ఆయన తేలు కుట్టిన దొంగలా ఉండిపోయారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టేశాననుకున్నాను.

ఆ మర్నాడు తోడికోడలు నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, సాయంత్రాలు ఆ గదికి తాళం వెయ్యకు."

"ఎందుకు?"

"ఊరికే. నన్నేం అడక్కు. వెయ్యకు, అంతే."

ఊరికే తాళం తియ్యడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా అన్నాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కన్నీళ్ళు కూడా నాకు నటనగానే కనిపించాయి. ఆ సాయంత్రం తాళం వేసి ఒకసారి లాగి చూసుకున్నాను కూడా.

మరి రెండు రోజులకి ఒక సంగీతం టీచరు కొలతలకి వచ్చారు. పెద్దావిడ, దూరం నుంచి వచ్చారు, తిప్పి పంపడం బాగుండదని మామగారు ఒప్పుకున్నారు. కాగితం పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గీత గీశారు. ఎప్పట్లాగే చెయ్యి వణకలేదు. గీయడం అయింది గానీ ఆయన లేవలేదు. పెన్సిలు కోసం వెతుకుతున్నట్టు నేలమీద చెయ్యి ఆడించారు. పెన్సిలు చేతిలోనే ఉంది.

అప్పుడు నేను ఆయన వెనక వైపు చూశాను. మడమల దగ్గర రెండు బూట్లూ లోపలికి తొక్కేసి ఉన్నాయి. మడమ తొక్కినవాళ్ళని కొట్లోంచి వెళ్ళగొట్టినంత పనిచేసే మనిషి. పైగా ఎడమ బూటు పక్కకుట్టు ఎవరో కత్తితో నిలువునా కోశారు. అలా సూటిగా కోయగల చెయ్యి ఆయనదొక్కటే.

సంగీతం టీచరు వెళ్ళిపోయాక లోపలిగది తాళం తీసి, కుర్చీ ఇవతలికి లాగి, కూర్చోమన్నాను. తనకి పనుందన్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన కాసేపు నన్ను చూసి, కుర్చీలో కూలబడ్డారు. బూట్లు నేనే విప్పాను. ఎడమ మేజోడు మడమకి అంటుకుపోయి ఉంది. నీళ్ళతో తడిపి, మెల్లగా లాగాను. లోపల పుండు.

ఆ పాదాన్ని నేను అంతకుముందే చూశాను, సుద్దపొడిలో. కూలిపోయిన వంపు, ఒరిగిన బొటనవేలు, లావెక్కిన ఎడమకాలు. వయసుతోపాటు పాదం పరుచుకుంటుంది, ఏడాదికోసారి కొలత మార్చుకోవాలని కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మనిషి, తను మాత్రం ఎప్పటిదో ఆ పాత గీత మీదే బూట్లు కుట్టించుకుని తొడుక్కుంటున్నారు. పగలంతా ఆ బిగువులో నలిగిన కాళ్ళని సాయంత్రం కాసేపు నా పీట మీద ఎత్తి పెట్టుకునేవారు. అందరి ముందూ దాన్ని వెక్కిరించాక ఇక పగలు ఎలా అడుగుతారు? ఆ కాసేపూ కూడా దొరక్కుండా నేను తాళం వేశాను. సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

పీట మరలు తిప్పి, ఉదయాల్లో నాకు కనిపించిన ఎత్తుకి లేపాను. పలక అవతలికి వంచాను. ఆయన పాదాలు ఆనించి కళ్ళు మూసుకున్నారు. తోడికోడలు మందు సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారక్కా అంది. దాని మొహంకేసి చూడ్డానికి నాకు కొంత సమయం పట్టింది. సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, మీ ఆయనకి చెప్పు అని మాత్రం అనగలిగాను.

పుండుకి కట్టు కట్టాక నేను కొత్త కాగితం తెచ్చి నేలమీద పరిచాను. ఆయన కళ్ళు తెరిచారు.

"ఏం చేస్తున్నావు?"

"కొలత తీస్తాను, మామయ్యగారూ. ఒక్క నిమిషం నిలబడండి."

వద్దంటారనుకున్నాను. ఆయన నా భుజం పట్టుకుని లేచి కాగితం మీద నిలబడ్డారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని కుడిపాదం చుట్టూ గీశాను. పెన్సిలు నిటారుగా పట్టుకో, లోపలికి ఒరగనివ్వకు, అని ఒక్కసారి మాత్రం పైనుంచి చెప్పారు. గీత పూర్తయ్యాక తల వంచి చాలాసేపు చూశారు.

"ఇది నా పాదం కాదు."

"మీదే."

నా భుజం మీద ఆయన చెయ్యి ఇంకొంచెం బరువైంది. తాళం వేసింది నేనే, మీరని తెలియదు, పీట మీద పాదాల గుర్తులు చూసి దొంగనుకున్నాను అని చెప్పేశాను.

"మీ అత్తయ్య పోయాక నా కాళ్ళకేసి ఎవరూ చూళ్ళేదమ్మాయ్," అన్నారు. "దొంగ కోసమైతేనేం, నువ్వు చూశావు. రేపట్నించి కొలతలు నువ్వు తియ్యి. బల్ల చిన్నదానికి వదిలెయ్."

బల్ల పోయింది. నేను భయపడినట్టే, దానికే పోయింది. ఎందుకిలా చేస్తున్నారు, వెనక ఏముంది అని వెతకాలని నాకు తోచలేదు. కాగితం ఆయన ఎడమపాదం కిందికి జరిపి, బరువంతా నా మీద వేసి నిలబడమన్నాను.