సకురజిమా ఎదుట ఒక లాగుడు బండి

నేను ఒక లాగుడు బండిని. రెండు పెద్ద చక్రాలు, వాటి మీద ఒక బల్ల, ముందుకు చాచిన రెండు కర్రలు, ఆ రెంటినీ కలుపుతూ ఒక అడ్డకర్ర. మనిషి ఆ అడ్డకర్ర వెనక నిలబడి, దాన్ని పొట్టకు ఆనించుకుని ముందుకు వంగితే నేను కదులుతాను. మీ ఊళ్ళల్లో బళ్ళకు ఎద్దులుంటాయట. నాకు ఒక ఆడమనిషి ఉండేది. ఆమె పేరు హిసా.

నేను పుట్టింది జపాను దేశపు దక్షిణపు కొసన, కగోషిమా నగరంలో. ఆ ప్రాంతానికంతటికీ అదే రాజధాని. ఒకప్పుడు గొప్ప ప్రభువులు ఏలిన ఊరే అయినా వాళ్ళ కోటకు ఎత్తైన బురుజు లేదు. గుట్ట పాదాన ఒక రాతి గోడ, దాని ముందు కందకం, అంతే. ఊరి ఎదుట అఖాతం. అఖాతం నడుమ, ఇక్కడి నుంచి పిలిస్తే పలుకుతుందేమో అనిపించేంత దగ్గరగా, సకురజిమా అనే అగ్నిపర్వతం. అప్పట్లో అది నీళ్ళ మధ్య ఒక ద్వీపం. అంచుల వెంట పల్లెలు, నారింజ తోటలు, పసిపిల్లలంత ముల్లంగి దుంపలు పండే చేలు. తాతల నాడు ఎప్పుడో అది బద్దలైందని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. కడుపులో నిప్పు పెట్టుకున్న కొండకు ఎదురుగా ఇళ్ళు కట్టుకుని, ఆ కొండ అందంగా ఉందని మురిసిపోయే మనుషులు వాళ్ళు. కర్రతో చేసిన నాకు మాత్రం ఆ కొండను చూస్తే మొదటి రోజు నుంచీ దడే.

నన్ను చేసినవాడు ఇవాకిరి అనే ముసలి వడ్రంగి. ఒక మోకాలు వంగదు. నా చక్రాల నడుమ ఆకులనే కర్ర పుల్లలు బిగిస్తూ తనలో తాను మాట్లాడుకునేవాడు. కుర్రతనంలో ఇంగ్లీషువాళ్ళ ఓడలు అఖాతంలోకి వచ్చి గుండ్లు కురిపిస్తే సగం ఊరు తగలబడిందట. అప్పుడు తల్లిని వీపున వేసుకుని గుట్ట మీదికి పరుగెత్తాడట. తరవాత ఈ ఊరి సమురాయి యోధులు సర్కారు మీద తిరగబడి గుట్ట మీద చివరి పోరాటం చేసినప్పుడు, ఎటు నుంచో వచ్చిన తూటా మోకాలికి తగిలింది. కోట పక్కన రాతి గోడల మీద ఆ తూటాల గుంటలు అలాగే ఉన్నాయి. "ఈ ఊళ్ళో పుట్టినవాడు రెండు పనులు నేర్చుకోవాలి. పరిగెత్తడం, మళ్ళీ వచ్చి కట్టుకోవడం," అనేవాడు. వింటుంటే నా మేకులు చల్లబడేవి.

హిసా ఇల్లు ఆయన ఇంటి పక్కనే. ఆమె భర్త దెన్‌జో ద్వీపంలో పుట్టినవాడు, సొంత పడవ ఉన్నవాడు. అతను అక్కడి నుంచి ముల్లంగి తెస్తే ఆమె నా మీద వేసుకుని ఊళ్ళో అమ్మేది. అతని తల్లి తొమె మాత్రం ద్వీపంలో చేను వదిలి రానని భీష్మించుకుని ఒంటరిగా ఉండేది.

వెయ్యిన్ని తొమ్మిది వందల పద్నాలుగు, జనవరి నెల. నేల సన్నగా వణకడం మొదలుపెట్టింది. వణుకు ఆగదు. నా చక్రాలు ఎవరూ తాకకుండానే అటూ ఇటూ దొర్లేవి. ద్వీపంలో బావుల్లో నీళ్ళు మరుగుతున్నాయని ఎవరో చెప్పారు. దెన్‌జో పడవ విప్పాడు.

"అమ్మను తీసుకొచ్చేస్తా. రానంటే ఎత్తుకొచ్చేస్తా," అన్నాడు.

"తిట్టకుండా తీసుకురండి. మీరు తిడితే ఆవిడ ఇంకా మొండికేస్తుంది," అంది హిసా.

మర్నాడు పొద్దున బజారులో ఉండగా కొండ పక్కలు పగిలాయి. ముందు పొగ కనిపించింది. తరవాత చప్పుడు వచ్చింది. అది చెవులతో విన్న చప్పుడు కాదు. నా ఇరుసు లోపల పుట్టినట్టుంది. నల్లటి పొగ స్తంభంలా లేచి ఆకాశాన్ని తాకి విచ్చుకుంది. అందులో మెరుపులు. చలికాలపు గాలి ఊరి మీది నుంచి తూర్పుకు వీస్తోంది కాబట్టి బూడిద అటు కొట్టుకుపోయింది. ఆ గాలి తిరిగితే మా గతి ఏమిటని నేను వణికాను.

హిసా ముల్లంగి దుంపలన్నీ బజారులోనే దింపేసి నన్ను రేవుకు లాగింది. పడవలు వస్తున్నాయి. బూడిద కొట్టుకున్న మొహాలతో ద్వీపం జనం దిగుతున్నారు. నడవలేని వాళ్ళను నా మీద వేసుకుని దగ్గరలోని గుడి దాకా చేర్చి, మళ్ళీ రేవుకు వచ్చేది. దించిన ప్రతివాళ్ళనూ ఒకటే అడిగేది: "దెన్‌జోను చూశారా? తొమె గారి అబ్బాయి?" తల అడ్డంగా ఊపేవారు. ఒకడు మాత్రం, "కొండ కక్కిన బోలు రాళ్ళు నీళ్ళ మీద తేలుతున్నాయమ్మా. తెడ్డు దిగడం లేదు," అన్నాడు. నేను రాళ్ళు మోశాను. రాళ్ళు తేలడం ఎన్నడూ వినలేదు.

పొద్దు వాలింది. అప్పుడు భూమి నిజంగా కదిలింది.

వణుకు కాదు ఇది. ఎవరో మమ్మల్ని పట్టుకుని కుదిపేసినట్టు. రేవు పక్కన రాతి గోడ ఒక్కసారిగా పక్కకు ఒరిగి కూలింది. పెంకులు వానలా రాలాయి. హిసా నా కింద దూరింది. నా బల్ల మీద ఏవేవో పడ్డాయి, చక్రంలో ఒక ఆకు చిట్లింది. భూమి ఆగగానే ఊరంతా ఒకటే కేక.

"ఉప్పెన వస్తోంది! సముద్రం పైకొస్తోంది!"

"విషపు పొగ దిగుతోంది! పీలిస్తే చస్తారు!"

ఆ మాటలు ఎవరు పుట్టించారో తెలియదు. కానీ ఊరు ఊరంతా గుట్టల వైపు కదిలింది. హిసా సముద్రం వైపు చూసింది, ఇంటి వైపు చూసింది. తరవాత నన్ను తిప్పి సందులోకి పరుగెత్తింది.

ఇవాకిరి తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వెనక ఇంటి కప్పు సగం కుంగింది.

"తాతా, ఎక్కండి."

"నేనెక్కడికి? రెండుసార్లు పారిపోయాను. చాలు. నువ్వు పో."

"బండి మీరు చేసిందే కదా. విరుగుతుందని భయమా?"

ఆ మాటకు ముసలాయనకు రోషం వచ్చింది. కర్ర పట్టుకుని లేచాడు. నన్ను చెక్కిన చేతులు నా అంచు గట్టిగా పట్టుకున్నాయి. చిట్లిన ఆకు మాట నా గుండెల్లో ఉంది. ఆయన బరువుకు అది కిర్రుమంటే ఆయనకు వినపడుతుందని భయపడ్డాను.

ఊరి నది వెంట గుట్టలకు పోయే దారి నిండా జనం. మూటలు, పిల్లలు, పరుపులు, పంజరంలో కోడి. ఒకచోట ఒక పెద్దమనిషి, పనివాళ్ళ చేత రెండు నగిషీ పెట్టెలు మోయిస్తున్నవాడు, నా అంచు పట్టుకున్నాడు.

"ఆగు! ముసలాణ్ణి దింపు. ఇవాళో రేపో పోయేవాడు. నా పెట్టెలు ఎక్కించు."

"చెయ్యి తియ్యండి," అంది హిసా.

అతను తియ్యలేదు. ఇవాకిరి తాత కర్ర ఎత్తి ఆ వేళ్ళ మీద ఒక్కటి వేశాడు. హిసా ముందుకు దూకింది. నా చక్రం అతని కాలి మీదుగా పోయింది. నిజం చెబుతున్నాను, ఆ రోజంతటిలో నాకు భయం వెయ్యని క్షణం అదొక్కటే.

ఎత్తు మీద ఒక తేయాకు రైతు కొట్టం దొరికింది. తాతను గడ్డి మీద కూర్చోబెట్టింది. అక్కడి నుంచి చూస్తే కొండ పక్కన ఎర్రటి గీతలు. అఖాతం ఎర్రగా మెరుస్తోంది. హిసా కళ్ళు రేవు మీదే ఉన్నాయి. తాతే అన్నాడు:

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు? వాళ్ళు దిగితే ఎవరుంటారక్కడ? పోమ్మా. తొమె ఈ ఎత్తు ఎక్కడం కష్టం, బండి తీసుకుపో."

"ఉప్పెన వస్తే?"

"వస్తే నీకే ముందు కనిపిస్తుంది. పరిగెత్తు."

మేము జనానికి ఎదురు దిగాం. దారి పొడుగునా "అటెక్కడికి? పిచ్చా?" అన్నారు. కాసేపటికి అనేవాళ్ళు కూడా లేకపోయారు. అంత ఖాళీ ఊరిని నేను ఎన్నడూ చూడలేదు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఒక కొట్లో దీపం వెలుగుతూనే ఉంది. ఒక ఇంట్లో పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన. గాలి కదిలి గుడి గంట దానంతటదే చిన్నగా మోగింది. నా చక్రాల చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తుంటే వెనక ఇంకో బండి వస్తోందేమోననిపించింది. హిసా నడుస్తూనే ఏదో గొణుగుతోంది. ప్రార్థన అనుకున్నాను. కాదు. "తిట్టకుండా తీసుకురండి, తిట్టకుండా తీసుకురండి," అంటోంది.

రేవులో ఒక పెద్ద పడవ ఆగి ఉంది. తెడ్లు వేసేవాళ్ళు మనుషుల్ని దించి మళ్ళీ వెళ్ళడానికి తొందరపడుతున్నారు. దిగినవాళ్ళలో తొమె ఉంది. నిటారుగా నిలబడి ఉంది. జుట్టంతా బూడిద.

"అత్తయ్యా! ఆయన?"

తొమె నా చక్రం మీద చెయ్యి పెట్టింది. చూపూ అక్కడే నిలిపి చెప్పింది:

"వస్తాడు. నన్ను ఈ పడవెక్కించి, పక్కింటి పిల్లల తల్లిని తేవడానికి తన పడవ తిప్పుకుపోయాడు. వెనక వస్తున్నాడు. మనల్ని ఎత్తు మీదికి పొమ్మన్నాడు. పద."

"ఇక్కడే ఉందాం."

"నువ్వుంటే నేనూ ఉంటా. మునిగితే ఇద్దరం మునుగుదాం. వాడికి చెప్పుకో ఆ మాట."

హిసా నా అడ్డకర్ర ఎత్తుకుంది. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

తెల్లవారే వేళ హిసా నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు, కొట్టం ముందు నా పక్కన కూర్చుని తొమె ఇవాకిరి తాతతో అసలు మాట చెప్పింది. పెద్ద పడవలో నుంచి ఆమె వెనక్కి చూస్తూనే ఉందట. దెన్‌జో ఒడ్డు చేరేలోపే రాళ్ళు పడ్డాయి. పడవ తిరగబడింది. తెప్పలా తేలుతున్న ఆ రాళ్ళ మధ్య మళ్ళీ తల కనిపించలేదు. "తిరగమని అరిచాను. పడవ నిండా పిల్లలు. తెడ్లు వేసేవాళ్ళు తిరగలేదు. తప్పు కాదు," అంది.

"అమ్మాయికి చెప్పవా?"

"చెబితే నిన్న నాతో వచ్చేదా?"

అప్పటి నుంచి నా భయం మారిపోయింది. నిప్పుకు భయపడడం ఒకటి. తెలిసిన మాట చెప్పడానికి నోరు లేకుండా ఒక మనిషి వెంట తిరగడం ఇంకొకటి.

ఉప్పెన రాలేదు. విషపు పొగా రాలేదు. జనం ఒక్కొక్కరే సిగ్గుపడుతూ దిగి వచ్చారు, కూలిన గోడలు ఎత్తారు, కొట్లు తెరిచారు. తాత కుంగిన కప్పు కింద గుంజ నిలబెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం హిసా నన్ను లాక్కుని రేవుకు వచ్చేది. ఖాళీ బండి. కరిగిన రాయి ద్వీపం నుంచి సముద్రంలోకి పారుతూనే ఉంది. చివరికి అది ద్వీపానికి అవతల, తూర్పు తీరాన్ని తాకింది. ద్వీపం ఇక ద్వీపం కాదు. ఇటు దెన్‌జో పడవ చేరే ఒడ్డున నీళ్ళు నేలైపోయాయి, తొమె చేను రాయి కింద పడుకుంది.

ఆ వార్త తెలిసిన సాయంత్రం తొమె మా వెనకే రేవుకు వచ్చింది.

"హిసా, నీకొక మాట చెప్పాలి. ఆ రోజు నేను..."

"తెలుసు అత్తయ్యా."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు 'వస్తాడు' అన్నప్పుడే. మాటకు ముందు నా కళ్ళలోకి చూసే మనిషి మీరు. ఆ రోజు బండిని చూసి చెప్పారు."

"మరి నాతో ఎందుకొచ్చావు? రోజూ ఇక్కడికి ఎందుకొస్తున్నావు?"

"నేను రానంటే మీరు అక్కడే కూర్చుండిపోయేవారు. నేను రావడం మానేస్తే, నాకు తెలిసిపోయిందని మీకు తెలుస్తుంది. అప్పుడు మీరు ఎవరికోసం ధైర్యంగా ఉంటారు?"

తొమె నా బల్ల మీద కూలబడింది. అప్పటి దాకా ఆమె ఏడవగా నేను చూడలేదు. హిసా ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళ బరువూ నా మీదే. చిట్లిన ఆకు ఆ బరువు మోసింది.

ఆ తరవాతి కథ పొడుగే కానీ చెప్పడానికి చిన్నది. అత్తాకోడళ్ళు కొండకు ఎదురుగానే ఉండిపోయారు. ముల్లంగి పోయి చిలగడదుంపలు వచ్చాయి. తొమె పోయింది, తాత పోయాడు. ఇంకో యుద్ధంలో విమానాలు ఊరిని మళ్ళీ బూడిద చేశాయి. ఊరు మళ్ళీ కట్టుకుంది. హిసా పోయాక నన్ను ఎవరో పాకలోంచి లాగి, ఊరి పాత వస్తువులు దాచే ఒక చిన్న ప్రదర్శనశాలకు ఇచ్చారు. నా ముందు అట్ట మీద 'కూరగాయల బండి' అని రాశారు. అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు కొండ తరచూ పొగ చిమ్ముతుంది. ఎండాకాలం గాలి తిరిగితే బూడిద ఊరి మీద పడుతుంది. జనం గొడుగులు విప్పుతారు, ఆరేసిన బట్టలు లోపలికి తెస్తారు, గుమ్మాలు ఊడ్చి బూడిదను సంచుల్లో కట్టి వీధి చివర పెడతారు. బడిపిల్లలు నా చుట్టూ మూగి నవ్వుకుంటారు. నేను మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాను.

రోజూ పొద్దున ఒక నడివయసు ఆవిడ వచ్చి కిటికీ సందుల్లోంచి పడిన బూడిదను నా మీది నుంచి తడిగుడ్డతో తుడుస్తుంది. కొండకు వీపు పెట్టి, ఏదో కూనిరాగం తీస్తూ. మొన్న కొండ ఉరిమింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆమె రాగం ఆగింది. చెయ్యి నా అంచును గట్టిగా పట్టుకుంది. ఈ ఊళ్ళో భయపడేది నేనొక్కదాన్నే అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆమె గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచి, పిండి, తుడవడం మిగిలిన రెండో చక్రం దగ్గరికి వెళ్ళింది.