దెబ్బకి ముందు

తలకి నూనె రాసేటప్పుడు చెయ్యి కాస్త గట్టిగా పడినా మా ఆయన ఊరుకోడు. ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే, నేను వెనక నిలబడి, కుడి చెవి మీద మొదలై నడినెత్తి దాకా గుర్రపు నాడాలా తిరిగిన కుట్ల గీత మీద వేలికొసలతో మెల్లగా రాయాలి. ఆ గీత కింది ఎముక ముక్కని మూడు నెలలు పొట్ట చర్మం కింద దాచిపెట్టి, తర్వాత తీసి తలకి అతికించారు. నూనె రాయమని గుంటూరు డాక్టర్లు చెప్పలేదు. మా అత్తయ్య అంజమ్మ చెప్పింది. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున పావుగంట నాకిదే పని. ఆ పావుగంటలోనే పాలు పొంగాలి, ఏడేళ్ల వెన్నెల జడకి రిబ్బన్ దొరక్కుండా పోవాలి, వీధిలో పంచాయతీ కుళాయి రావాలి. ఆ రోజు మాత్రం ఆయనే నన్ను తొందరపెట్టాడు. ఆస్పత్రి నుంచి సబీహా వస్తోంది, తలదువ్వుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చోవాలి కదా.

పోయినేడు పిడుగురాళ్లలో పార్టీ మీటింగ్ చూసుకుని బండి మీద వస్తూ, రాజుపాలెం దాటాక, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కుని గుద్దాడు ప్రవీణ్. హెల్మెట్ ఇంట్లో మిరపకాయల బస్తా మీద ఉంది. గుంటూరులో తల తెరిచి రక్తం గడ్డ తీశారు. నలభై రోజులు నేను ఐసీయూ బయట నేల మీద పడుకున్నాను. అలా తలకి దెబ్బ తగిలి బతికినవాళ్లు ఏడాది తిరిగేసరికి ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి ఆ ఆస్పత్రి వాళ్లు ఒక పరిశోధన చేస్తున్నారు. సబీహా అందులో పనిచేస్తుంది. మూడో నెల, ఆరో నెల ఫోన్ చేసి ప్రశ్నలడిగింది. ఏడాదికి ఇంటికే వచ్చి చూసి, మనిషి ఎంతవరకు కోలుకున్నాడో రాసుకుని పోతుంది.

ఆ రాత కోసం ఆయనకంటే ఎక్కువగా ఎదురుచూసింది నేను. నరసరావుపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. ఏడాదిగా సెలవులో ఉన్నాను. మా మేడం అర్చనగారు ఇన్నాళ్లూ నా చోటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచారు. వచ్చే సోమవారం కూడా రాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానని చెప్పేశారు. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా అత్తయ్యది ఒకటే మాట, వాడికి పూర్తిగా నయమవనీ, అప్పుడు చూద్దాం. ఈ పూర్తిగా అనేది ఎక్కడుంటుందో నాకు అర్థం కాలేదు. ఆయన బండి నడుపుతున్నాడు. మిరప తోటకి మందు కొట్టిస్తున్నాడు. గుంటూరు యార్డుకి పోయి బేరాలాడి వస్తున్నాడు. మంచినీళ్ల గ్లాసు మాత్రం తీసుకోలేడు, దానికి నేను రావాలి.

నయం కానిది కోపమట. డిశ్చార్జి రోజు డాక్టరు గారు ఒక మాటన్నారు. తలకి దెబ్బ తగిలినవాళ్లకి కొన్నాళ్లు చిరాకు, కోపం ఎక్కువగా ఉండొచ్చు, ఇంట్లోవాళ్లు ఓపిక పట్టాలి అని. డాక్టరు పది మాటలు చెప్తే మా అత్తయ్య ఈ ఒక్కటే కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరితే, దెబ్బ. ఫోన్ ఎత్తడం ఆలస్యమైందని చెంప పగలగొడితే, పాపం దెబ్బ. వాడు కొట్టడంలా, వాడి తల కొట్టిస్తంది అని పక్కింటి వాళ్లకి ఆమే చెప్పేది. పక్కింటి పిన్ని నాకు చెప్పేది. మా అమ్మ కూడా ఫోన్లో, మనిషి దక్కాడు అదే చాలు, డాక్టరే చెప్పాడంట కదా, ఓర్చుకో తల్లీ అంది. తలలో చెడిపోయిన ఆ నరమేదో గడప దాటగానే ఎలా సర్దుకునేదో ఎవరూ అడగలేదు. పార్టీ నాయకుడు గంటసేపు ఎండలో నిలబెట్టినా ఆయన నవ్వుతూనే ఉండేవాడు. బ్యాంకు మేనేజరు విసుక్కుంటే సార్ సార్ అనేవాడు. అక్కడ ఒక్కరి మీదా ఆ తల చెయ్యి ఎత్తించలేదు.

ఇంకొకరి మీద తోసేసి తప్పించుకోను. నేను కూడా నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది. దెబ్బ వల్ల వచ్చిందంటే దెబ్బ మానితే పోతుంది. అంటే ఒక రోజు పొద్దున లేచేసరికి మంచి మొగుడు ఉంటాడు. అంతకుముందు కూడా ఉన్నాడు, మధ్యలో ట్రాక్టర్ అడ్డం వచ్చింది, అంతే. అలా అనుకోవడం కోసం ఎనిమిదేళ్ల కాపురాన్ని మడతపెట్టి అటక మీద పడేశాను. ఆరో నెలలో సబీహా ఫోన్ చేసి, అక్కా, ఈ కోపం ప్రమాదానికి ముందు కూడా ఉండేదా అని అడిగినప్పుడు, పక్కన అత్తయ్య చెవి ఒగ్గి నిలబడి ఉంటే, లేదమ్మా, దెబ్బ తర్వాతే అని చెప్పాను. చెప్పాక ఏడుపు కూడా వచ్చింది, పాత ప్రవీణ్ మీద బెంగతో. నవ్వొస్తుంది ఇప్పుడు తల్చుకుంటే. ఆ పాత ప్రవీణ్ ఎవరు?

పోయిన గురువారం వెన్నెల వాళ్ల టీచరు నన్ను పిలిచి నోటుబుక్కు చూపించింది. నాన్న గురించి రాయమన్నారట. గుండ్రటి అక్షరాలతో రాసింది నా కూతురు. 'మా నాన్న మంచివాడు. మా నాన్న తలకి దెబ్బ తగిలింది. అందుకే అమ్మని కొడతాడు. అమ్మ ఏమీ అనకూడదు.' కింద టీచరు టిక్కు పెట్టబోయి ఆగినట్టుంది, ఎర్ర చుక్క ఒకటి పడి ఉంది. నాలుగో వాక్యం దానికి ఎవరూ నేర్పలేదు, నన్ను చూసి నేర్చుకుంది. ఆరేళ్లు వచ్చేదాకా తన కళ్లతో చూసినవన్నీ అదీ మర్చిపోయింది, నాలాగే.

సబీహా పదింటికి వచ్చింది. పాతికేళ్లుంటాయి, భుజాన బ్యాగు, చేతిలో ట్యాబ్. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చిందని మజ్జిగ ఇచ్చాను. హాల్లో ఆయన సోఫాలో, అత్తయ్య మంచం మీద, నేను వంటింటి గుమ్మం దగ్గర. స్నానం సొంతంగా చేస్తారా అన్నా అని సబీహా అడిగితే, చేస్తానన్నాడు. నీళ్లు తోడేది, తువ్వాలు పెట్టేది, విప్పిన బట్టలు తీసేది ఆ ప్రశ్నలో లేవు. ప్రయాణాలు? ఒక్కణ్నే పోతా. పని? ముందులాగే. మనుషుల్లో కలుస్తున్నారా? పార్టీ ఆఫీసు నేనే చూసుకుంటన్నా అన్నాడు. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

తర్వాత కోపం గురించి అడిగింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. జవాబు అత్తయ్య చెప్పింది.

"అదొక్కటే తగ్గలేదమ్మా. ఊరికే కోపం. మా కోడలి మీద చెయ్యి కూడా చేసుకుంటాడు, పాపం. దెబ్బకి ముందు ఆవులాంటోడు. ఇంకా నయం కాలేదని రాసుకో."

పాపం అన్నది నన్ను కాదు.

సబీహా రాయలేదు. దెబ్బ వల్ల వచ్చిన మార్పునే తాము లెక్కలోకి తీసుకుంటామని, అంతకుముందు నుంచే ఉన్నదైతే అది గాయం కిందికి రాదని చెప్పింది. ఈ ప్రశ్నకి కలిసి బతికే మనిషే జవాబు చెప్పాలట. నా వైపు తిరిగి, అక్కా, మనం విడిగా కూర్చుందామా అంది. వద్దమ్మా, ఇక్కడే చెప్తా అన్నాను.

"దెబ్బకి ముందూ ఇంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు."

ఆయన ఫోన్లోంచి తలెత్తాడు. సబీహా ట్యాబ్‌లో వెనక్కి జరిపి చూసి, ఆరో నెలలో లేదని చెప్పారక్కా అంది. అప్పుడు అబద్ధం చెప్పానన్నాను. అటక మీంచి మూట ఎవరో లాగినట్టు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పెళ్లయిన రెండో ఏడాది, వెన్నెల కడుపులో ఉండగా, చొక్కా గుండీ కుట్టలేదని కొట్టిన దెబ్బకి నా ఎడమ చెవిలో కర్ణభేరి చిరిగింది. ఆ రోజు ఇదే అత్తయ్య నన్ను నరసరావుపేట తీసుకుపోయి, బాత్రూంలో జారిపడిందని చీటీ రాయించింది. ఇప్పటికీ ఆ చెవి సరిగా వినపడదు, ఫోన్ కుడివైపే పెట్టుకుంటాను. ఏడాది తర్వాత ఎలా ఉందని నా చెవి గురించి ఎవరూ ఫోన్ చేయలేదు. ఇదంతా పైకే చెప్పాను, ఏడవకుండా, పెద్దగా.

"ఏందే నువ్వు చెప్పేది, బయటి మనిషి ముందు" అని ఆయన లేచాడు.

సబీహా కూడా లేచి నిలబడింది. పొట్టి పిల్ల, ఆయన భుజం దాకా కూడా రాదు. అన్నా, కూర్చోండి అంది, అంతే. ఆయన కూర్చున్నాడు. చూశారా, బయటివాళ్లు చెప్తే ఎంత బాగా కూర్చుంటాడో.

సబీహా ట్యాబ్‌లో ఏవేవో నొక్కి, ఈ జవాబుతో అన్నకి పై గ్రేడు వస్తుంది, పూర్తిగా కోలుకున్నట్టే అంది. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేకపోయింది. అత్తయ్య, మొగుడి పరువు తీయడానికి నోరెట్టా వచ్చిందే నీకు అని మొదలుపెట్టింది. నాకు మాత్రం కాళ్ల కింద నేల గట్టిగా తగిలింది. నయమైంది. ఏడాదిగా ఏది అయితే నన్ను పనికి పంపిస్తామన్నారో అదే అయింది. అసలు జబ్బే లేదు. జబ్బు లేనివాడికి నేను ఏడాది నర్సుని, ఎనిమిదేళ్లు రోగిని. నేనప్పటికి సోమవారం ల్యాబ్‌కి వెళ్లడం వరకే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

బ్యాగు సర్దుకుంటూ సబీహా అందరినీ అడిగే ఆఖరి ప్రశ్న అడిగింది. ఇంకో ఏడాదికి మళ్లీ ఫోన్ చేస్తారట. ఆయన గురించి చెప్పే ఇంటి మనిషిగా నా నంబరు ఉంది, అదే ఉంచనా అంది.

"తీసెయ్యమ్మా" అన్నాను. "అప్పటికి నేనూ నా కూతురూ ఈ ఇంట్లో ఉండం. ఆయన్ని కన్న ఆమె నంబరు చెప్తా, రాసుకో."