కనకాంబరానికి మాలి, బిళ్ళగన్నేరుకు ఎందుకు?

గొర్రెలు కాచిన ఇళ్ళలో ఒక నియమం ఉంది. మంద ఎట్లుందని ఎవరడిగినా బాగుందని చెప్పకూడదు. చెబితే దిష్టి తగులుతుంది. జీవాలు కొవ్వెక్కి నడవలేకున్నా సరే, "ఏం మందలేప్పా, సగం దగ్గుతాండాయి, సగం కుంటుతాండాయి" అనాలి. బలసముద్రం మారెమ్మ యాభై ఐదేళ్ళుగా ఈ నియమం తప్పలేదు. మంద అమ్మేశాక, చేను సోలార్ వాళ్ళకు గుత్తకిచ్చాక, అదే చేన్లో ప్యానెళ్ళు తుడిచే కూలికి చేరాక కూడా తప్పలేదు. ఆమెను కుశలమడిగితే ఆ పూటంతా పోయినట్టే.

అయితే మోకాళ్ళ విషయంలో ఆమె చెప్పేది అబద్ధం కాదు. వేరుశనగ పీకిన చోటనే ఇప్పుడు ప్యానెళ్ళ వరుసలు. ఒక్కొక్క వరుస ఎంత నడిచినా తరగదు. పొడుగు కర్ర పట్టుకుని రోజుకు ఎన్ని వరుసలని తిరుగుతుంది? సూపర్వైజర్ గిరీశ్ ఆ ఊరి పిల్లాడే, మెత్తగానే చెప్పాడు. "పెద్దమ్మా, నెలాఖరుదాకా సూడు. ఆనక నడవలేకుంటే ఇంట్లో ఉండు." ఇంట్లో ఉండి, కోడలు ఎప్పుడు పళ్ళెం పెడుతుందా అని గోడకానుకుని కూర్చునే బతుకు మారెమ్మకు అక్కర్లేదు. దానికంటే ఎండే నయం.

అందుకే ఆఫీసు ముందర మాలి పని ఒకటి పడుతుందని తెలియగానే ఎగిరి గంతేసింది, మనసులోనే. ఉన్నది ఒక్క ఉద్యోగం. అడిగినవాళ్ళు ఇద్దరు. రెండో ఆమె అంగడి సదానంద పెళ్ళాం వనజాక్షి. ఇరవై ఏళ్ళుగా అంగట్లో మొగుడి పక్కనే కూర్చుని విసిగిపోయింది పాపం. ఆయన గొంతు వినబడని చోటు ఏదైనా చాలనుకుంది. గిరీశ్ ఇద్దరికీ చెరొక మడి చూపించి, పూలు పెంచమని, మూడు నెలల తర్వాత బెంగళూరు నుంచి మేడమ్ వచ్చి చూస్తుందని, ఆమె మాటే మాటని తేల్చేశాడు.

మారెమ్మ కనకాంబరం నాటింది. వనజాక్షి బిళ్ళగన్నేరు వేసింది.

"తలలో పెట్టుకోను పనికిరానిది పువ్వేంది?" అంది మారెమ్మ.

"తలలో పెట్టుకునేదయితే వచ్చినోళ్ళంతా కోసుకుపోతారక్కా. మడిలో ఏం మిగలతాది?" అంది వనజాక్షి.

కనకాంబరం మహా గారాల మొక్క. మిట్టమధ్యాహ్నం ఎండ దానికి సరిపడదు, మారెమ్మ పాత చీర పందిరిలా కట్టింది. నీళ్ళు తగ్గితే తల వాల్చేస్తుంది, ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. పూసి ఎండిన వెన్నులు ఎప్పటికప్పుడు తుంచకపోతే కొత్తవి రానంటుంది. వేళ్ళకు పురుగు పడుతుందని వేపపిండి కలిపింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని ముందర కూర్చోవలసిందే. బాలింతకు కూడా ఇంత సేవ చేయరు.

బిళ్ళగన్నేరు సంగతి చెప్పడానికేమీ లేదు. విత్తనం చల్లింది, వేరు పట్టేదాకా నాలుగు చెంబులు పోసింది, అంతే. రాతినేల అయినా దానికి ఒకటే, నిప్పులు చెరిగే ఎండయినా ఒకటే. గులాబీ రంగూ తెలుపూ కలిసి విరగబూసింది. వనజాక్షి దాని పక్కన తీరిగ్గా కూర్చుని, మొగుడి గొంతు వినబడని గాలి పీల్చుకుంది.

ఒకరోజు ప్యానెళ్ళ కింద మేస్తున్న కదిరయ్య గొర్రెలు కంచె సందులోంచి దూరాయి. కనకాంబరం మడిని ఒక పక్కంతా మేసేశాయి. బిళ్ళగన్నేరును వాసన చూసి, చేదని మూతి తిప్పుకుని వెళ్ళిపోయాయి. మారెమ్మ కర్ర తీసుకుని తరిమింది, కదిరయ్యను ఏడు తరాలు తిట్టింది. అంత కోపంలోనూ ఒక పొట్టేలు చెవి పట్టి పళ్ళు చూడకుండా ఉండలేకపోయింది. మంచి పొట్టేలు. బాగుందని మాత్రం అనలేదు.

మేడమ్ పేరు నమ్రత. కారు దిగగానే నేరుగా మడుల దగ్గరికి నడిచింది. ఊరు కర్ణాటకలోది కదా, మాటలన్నీ కన్నడంలోనే జరిగాయి, మనం తెలుగులో చెప్పుకుందాం.

బిళ్ళగన్నేరు చూసి మేడమ్ ముఖం విప్పారింది. "ఎంత బాగుందమ్మా! దీనికి ఏమేం చేస్తావు?"

వనజాక్షి అంగట్లో ఆరితేరిన మనిషి. సరుకు బాగుందా అని అడిగితే, ఇంతకు మించింది పావగడ తాలూకాలోనే లేదని చెప్పడం ఆమె ధర్మం. "ఏం చేయక్కర్లేదు మేడమ్! నీళ్ళు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. గొర్రె ముట్టదు, పురుగు పట్టదు. మనిషి ఈ పక్కకు రాకపోయినా సంవత్సరమంతా పూస్తానే ఉంటాది. గ్యారంటీ!"

మేడమ్ తలాడించి గిరీశ్ వైపు తిరిగింది. "అట్లయితే దీనికి మాలి ఎందుకు?"

వనజాక్షి నోరు తెరిచింది. కానీ అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం ఆ ఇంట అలవాటు లేదు.

మేడమ్ రెండో మడికి వచ్చింది. గొర్రెలు మేసింది పోను మిగిలిన కనకాంబరం పచ్చగా, నిండుగా పూసి ఉంది. "ఇది ఎట్లుందమ్మా?"

ఎట్లుందని అడిగితే ఇంకేముంది! "ఏం చెప్పేది తల్లీ. ఎండ పడితే వాడిపోతాది, నీళ్ళు ఎక్కువయితే కుళ్ళిపోతాది. ఎన్ను తుంచకుంటే పూయదు, యాపపిండి ఏయకుంటే బతకదు. ఒక్క పూట మనిషి లేకుంటే సచ్చిపోతాది. దీంతో నా పానం పోతాండాది."

చెప్పేశాక తన కొంప తానే ముంచుకున్నట్టు తోచింది. మేడమ్ మాత్రం గిరీశ్‌తో, "ఈ మడికి మాలి కావాలి, రాసుకో" అంది. కాగితం మీద సంతకం పెట్టబోయి ఆగింది. "కుంటుతున్నట్టున్నావు. నీ కాళ్ళు ఎట్లున్నాయమ్మా?"

అడగకూడని మాట అడిగేశారు. ఎముక అరిగిందనీ, మెట్టు ఎక్కలేననీ, పొద్దున లేవాలంటే గోడ పట్టుకోవాలనీ, మొత్తం పాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. దాన్ని మింగడం మారెమ్మకు కనకాంబరం పెంచడం కంటే కష్టమైంది.

"బాగుండాయి," అంది. వెంటనే పక్కకు తిరిగి దిష్టి తగలకుండా ముమ్మారు తుపుక్కున ఉమ్మింది.

మేడమ్‌కు నమ్మకం కుదరలేదు. వనజాక్షిని అడిగింది. "నిజమేనా?"

ఇప్పుడు ఒక్క మాట చాలు, ఉద్యోగం ఎవరికీ దక్కదు. వనజాక్షికి కడుపు మండుతోంది. మూడు నెలలు ఎవరు సుఖపడ్డారో, ఎవరు ఎండలో చచ్చారో ఆమె కళ్ళారా చూసింది కూడా. మారెమ్మను ఎగాదిగా చూసి, గొంతు సవరించుకుంది.

"నడకకేంది మేడమ్? ఊరి ఆ చివర నుంచి రోజూ మా అంగడికి నడిచొస్తాది. ఒక్కరోజు తప్పదు. గ్యారంటీ!"

వచ్చేది నొప్పి నూనె కోసమని మాత్రం చెప్పలేదు.

సంతకం పడింది. కారు గేటు దాటేదాకా మారెమ్మ పెళ్ళికూతురిలా నిటారుగా నిలబడింది. అది మలుపు తిరగగానే మోకాళ్ళు పట్టుకుని మడి గట్టున కూలబడింది. వనజాక్షి ఆమె పక్కనే చతికిలబడి, అంగడి వైపు చూసి నిట్టూర్చింది.

"నేను కూడా రోజూ ఈడికి వస్తాలే అక్కా," అంది. "ఎన్నులు తుంచను ఇంకో మనిషి కావాల్సిందేనని ఆ గిరీశ్‌కు చెప్పు. జీతం వద్దు. ఆయన గొంతు వినపడకుంటే చాలు."